ఒలీవ మ్రాను, బేత్లెహేము ఉలి

యెరూషలేమునకు దక్షిణముగా, యూదయ కొండలలో, సున్నపురాతి వాలులపై పూర్వులు మెట్లుమెట్లుగా పేర్చిన ఱాతికట్టల నడుమ, వేసవి మాసములలో ఒక్క చినుకైనను రాలని నేలయందు, ఆకు పైవైపున ముదురాకుపచ్చయు అడుగువైపున వెండివన్నెయు కలిగి, గాలి వీచినపుడెల్ల రంగు మార్చుకొన్నట్లు కనబడు ఒలీవచెట్టును చూచువారికి, ఇంత సామాన్యమైన చెట్టును మూడు మహామతములు ఇంతగా ఆదరించుటకు కారణమేమన్న ప్రశ్న తోచక మానదు. ఎత్తున అది లెబానోను దేవదారునకు సాటిరాదు. నీడయందు అంజూరపుచెట్టునకైనను తీసికట్టే. దాని పువ్వు కంటికి ఆనని చిఱుపువ్వు. దాని కాయను చెట్టునుండి కోసి అట్లే నోట వేసికొన్నచో చేదునకు మొగము ముడుచుకొనవలసినదే గాని మ్రింగుటకు వలనుపడదు. అయినను యూదుల దేవాలయమున వెలుగవలసిన దీపమునకు దీని నూనెయే కావలసివచ్చెను. యాజకులకును రాజులకును శిరస్సున పోసిన అభిషేకతైలమునకు మూలము దీని నూనెయే. జలప్రళయము తగ్గినదని నోవహునకు తెలుపుటకు పావురము ముక్కున కఱచుకొని వచ్చినది దీని ఆకే. ఖురానులో ప్రమాణమునకు నోచుకొన్న చెట్లలో ఇది యొకటి. క్రీస్తు పట్టువడిన రాత్రి ప్రార్థించినది దీని తోపులు గల కొండ పాదముననే.

ప్రవక్తలును కవులును తమ భావనాబలముచే ఈ చెట్టునకొక మహిమను కల్పించి తొడిగిరని చెప్పువారు కలరు. ఆలోచింపగా వాస్తవము వేఱుగా తోచును. ఒలీవ బ్రదుకుతీరును, అది కాపునకు వచ్చు క్రమమును, నఱికినను చావని దాని మొండితనమును దగ్గఱనుండి ఎఱిగిన కృషీవలుల అనుభవమే మొదట ఉండినది. గ్రంథములలోని ప్రతీక ఆ యనుభవమునుండి మొలచినది. అంతియే కాదు, బేత్లెహేములో తరతరములుగా ఈ కఱ్ఱను చెక్కుచున్న పనివారి విద్యయు ఆ స్వభావమునకే లోబడి పెరిగినది. చెట్టును చంపక అది ఈయగలిగినదానినే పుచ్చుకొనుట, కఱ్ఱ పోవు దారిని గమనించి ఉలిని ఆ దారినే నడుపుట అను రెండు నియమములు ఆ శిల్పమునకు ప్రాణములు. ఈ నియమములను విడిచి ఆ బొమ్మల యందమును మాత్రమే మెచ్చుకొన్నచో మనము సగమే చూచినవారమగుదుము.

మన పెరటిలోని మల్లెయు, తెల్లవాఱునప్పటికి నేల రాలు పారిజాతమును వృక్షశాస్త్రజ్ఞుల లెక్కలో ఒలీవకు దాయాదులే. ఆ కుటుంబమునకు పేరు పెట్టినది మాత్రము ఒలీవయే. దీనికొక మొండిగుణము కలదు. కాండమును మొదలంట నఱికివేసినను, మంట తగిలి మోడైనను, వేరు బ్రదికియున్నంతవఱకు మొదటిచుట్టును క్రొత్త పిలకలు లేచును. వానిలో బలమైనదానిని పెంచినచో కొన్ని యేండ్లలో మరల చెట్టగును. తండ్రి భోజనపు బల్ల చుట్టును కూర్చున్న పిల్లలను ఒలీవ మొక్కలతో పోల్చిన కీర్తనకారుడు కల్పన చేయలేదు. ముసలిమోడు చుట్టును గుమిగూడిన పిలకలను కన్నులార చూచి చెప్పినాడు. వయస్సు ముదిరినకొలది కాండము నడుమ పుచ్చి గుల్లయగును, పైచెక్క మెలికలు తిరిగి అనేక కాండములు పెనవేసికొన్నట్లుండును. కాబట్టి వలయములను లెక్కించి వయస్సు చెప్పుట కష్టము. క్రీస్తు ప్రార్థించిన ఆ గెత్సేమనే తోటలోని ఎనిమిది ముసలి ఒలీవచెట్లను ఇటలీ జాతీయ పరిశోధనామండలి శాస్త్రజ్ఞులు పరిశీలించి 2012లో ఫలితములు ప్రకటించినపుడు, మూడింటి కాండములకే కాలనిర్ణయము చేయగలిగిరి. అవి 1092, 1166, 1198 ప్రాంతములవని తేలినది. ఆ యెనిమిదింటి జన్యులక్షణములును ఒక్కటియే యగుటచే, అన్నియు ఒకే తల్లిచెట్టు కొమ్మలనుండి నాటబడినవని వారు నిశ్చయించిరి. ఎనిమిదివందల యేండ్ల క్రిందటనే ఎవరో భక్తులు ఒక్క చెట్టును ఎంచుకొని, దాని సంతతితోనే ఆ తోటను నింపిరనుట, నా మనస్సునకు, క్రీస్తుకాలపు చెట్లే యివి యన్న జనశ్రుతికంటె ఎక్కువ హృద్యముగా తోచుచున్నది. ఆ తోట ప్రక్కనే ఇటలీ వాస్తుశిల్పి అంతోనియో బర్లూత్సీ నిర్మించిన సకలజనుల దేవాలయము 1924లో పూర్తియైనది. దానికి వచ్చు యాత్రికులు ముందుగా ఆ మెలికల మ్రాకులయొద్ద నిలువకుండ లోనికి పోరు.

ఒలీవరెమ్మ శాంతికి గుర్తగుటకు నోవహు పావురమొక్కటియే హేతువు కాదు. ఈ చెట్టు నాటిన యేడే పండదు. తగినంత కాపునకు వచ్చుటకు అయిదాఱేండ్లకు మించి పట్టును, నిండుకాపునకు అంతకు రెండింతలైనను ఆగవలెను. పిదప గూడ ఒక యేడు విరగకాచినచో మరుయేడు కాపు సన్నగిల్లును. తన కొడుకులు, మనుమలు ఆ నేలమీదనే నిలుతురన్న నమ్మకము గలవాడే ఒలీవను నాటును. కత్తి చేతబట్టి వలసపోవువాడు నాటడు. దండు వచ్చి తోట నఱికినదన్నచో పోయినది ఆ యేటి పంట కాదు, ఒక తరపు ఆయువు. అందువలననే ద్వితీయోపదేశకాండమున, పట్టణమును ముట్టడి వేసినపుడైనను ఫలవృక్షములపై గొడ్డలి వేయరాదని శాసనము కనబడుచున్నది. కోతవేళ ఒలీవకొమ్మలను ఒకసారి దులిపిన పిమ్మట తిరిగి వెదకి దులుపక, మిగిలినది పరదేశికిని తండ్రిలేనివానికిని విధవరాలికిని విడువవలెనన్న విధియు ఆ గ్రంథముననే యున్నది. గ్రీసుదేశమున అథీనా దేవి తన నగరమునకిచ్చిన కానుక ఒలీవయే యని కథ. ఒలింపియా పందెములలో గెలిచినవానికి అడవి ఒలీవ రెమ్మల కిరీటమే బహుమానము. 1946లో ఐక్యరాజ్యసమితి తన చిహ్నమునందు భూగోళమునకు ఇరువైపుల ఈ రెమ్మలనే ఉంచినది.

నూనె విషయము మఱింత లోతైనది. నిర్గమకాండమున దీపమునకు విధింపబడినది మరపట్టిన నూనె కాదు. కాయలను దంచి తీసిన మొదటి తేటనూనె, పొగ తక్కువగా, నిలుకడగా మండునది. అశుచియైపోయిన యెరూషలేము ఆలయమును తిరిగి శుద్ధిచేసినపుడు ఒక్క దినమునకు చాలినంత నూనె ఎనిమిది దినములు వెలిగెనన్న సంప్రదాయకథను స్మరించుచు యూదులు నేటికిని హనుక్కా పండుగనాడు దీపములు పెట్టుదురు. అభిషిక్తుడన్న బిరుదే క్రీస్తు నామమైనది. ఆ యభిషేకమునకు ఆధారము ఈ నూనెయే. క్రైస్తవసంఘములలో జ్ఞానస్నానమునకు, వ్యాధిగ్రస్తుల అభ్యంగమునకు పవిత్రతైలము నేటికిని సాధారణముగా ఒలీవదే. మన తెలుగు పల్లెలలోని కతోలిక దేవాలయములలో గురువు నొసట రాయు నూనెకు మూలము ఆ కొండలలో వెదకవలసినదే. మట్టల ఆదివారమునాడు మనవారు తాటిమట్టయో ఈతమట్టయో చేతబట్టి ఊరేగునట్లే ఇటలీలో పల్లెజనులు ఒలీవరెమ్మలను పట్టుదురు. ఖురాను 95వ అధ్యాయము అంజూరముమీదను ఒలీవమీదను ప్రమాణముతో ఆరంభమగును. 24వ అధ్యాయమున దైవజ్యోతిని వర్ణించుచోట, తూర్పునకును పడమటికిని చెందని శుభప్రదమైన ఒలీవచెట్టు నూనె, నిప్పు సోకకమునుపే వెలుగుటకు సిద్ధమైనట్లుండునని చెప్పబడినది. ఒకే కొండలనుండి వెలుగు నడుగుకొన్న మూడు మతములు ఒకే నూనెను పేర్కొనుట వింతగాదు.

కఱ్ఱయు మఱవబడలేదు. సొలొమోను తన ఆలయపు గర్భగృహమునందు నిలిపిన పదేసి మూరల కెరూబులు రెండును ఒలీవకఱ్ఱతో చేయబడెనని రాజుల మొదటి గ్రంథము చెప్పుచున్నది. గర్భగృహపు తలుపులు గూడ ఆ కఱ్ఱవే. అటుపిమ్మట జెకర్యా ప్రవక్తకు దర్శనమున కనబడినది ఏడు దీపముల స్తంభము, దాని కిరుప్రక్కల రెండు ఒలీవచెట్లు. ఆ దర్శనమే 1949లో ఇశ్రాయేలు రాజ్యచిహ్నమునకు ఆధారమైనది. రోమీయులకు వ్రాసిన పత్రికలో పౌలు, అన్యజనులను అడవి ఒలీవకొమ్మగా భావించి, మంచి ఒలీవకు అంటు కట్టబడినవారని చెప్పినాడు. రైతు చేయు అంటు దీనికి తలక్రిందులు, అడవిమొక్క మొదటికి మంచికొమ్మను కట్టుట; అది ప్రకృతివిరుద్ధమని పౌలునకును తెలియును, తెలిసియే ఆ మాట వాడినాడు. కృప యనునది రైతు లెక్కకు లోబడదని చెప్పుటకు అంతకంటె బలమైన ఉపమానమును ఆయన వెదకబోలేదు.

ఇక బేత్లెహేము. కాన్‌స్టంటైను చక్రవర్తియు ఆయన తల్లి హెలేనయు నాలుగవ శతాబ్దమున క్రీస్తు జన్మస్థలమని నమ్మబడిన గుహపై దేవాలయము కట్టించిరి. ఆఱవ శతాబ్దమున జస్టీనియను కాలమున అది తిరిగి నిర్మింపబడి, నేటికిని పూజలందుకొనుచు, 2012లో ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చబడినది. యాత్రికుడు వచ్చినచోట ఇంటికి కొనిపోవు గుర్తునకు గిరాకి పుట్టును. ఆ దేవాలయపు తొలికాలమునాటి సన్న్యాసులే ఊరివారికి ఒలీవకఱ్ఱ చెక్కుట నేర్పిరని బేత్లెహేము పనివారు పరంపరగా చెప్పుకొందురు. పదునాలుగవ శతాబ్దమునుండి అచట స్థిరపడిన ఫ్రాన్సిస్కను సన్న్యాసులు పదునాఱు, పదునేడవ శతాబ్దములలో ఈ పనిని పోషించి, జపమాలలకును సిలువలకును ఐరోపాలో విక్రయమార్గము చూపి, ఊరి పనిని వృత్తిగా నిలిపిరనుటకు మాత్రము గట్టి ఆధారములు కలవు. అప్పటినుండి బేత్లెహేము, దానికి ఆనుకొనియున్న బెయిత్ సాహూరు, బెయిత్ జాలా అను మూడు ఊళ్లలోను, క్షీరగుహ యను పుణ్యస్థలమునకు పోవు వీథి పొడవునను, ఇంటి క్రింది గదియే పనిశాలయై, తండ్రి చేతిక్రింద కొడుకు, అన్న చేతిక్రింద తమ్ముడు ఈ విద్యను నేర్చుచు వచ్చిరి.

పని మొదలగునది ఉలితో కాదు, తోటలో. అక్టోబరు మాసమున తొలకరి జల్లు దుమ్మును కడిగిన తరువాత కాయకోత ఆరంభమగును. చెట్టు క్రింద దుప్పట్లు పఱచి, చేతులతో దూసియు, సన్నని కోలలతో తట్టియు కాయలు రాల్చుదురు. కోత ముగిసిన పిమ్మట, చలికాలమున, ముసలికొమ్మలను, అడ్డముగా పెరిగినవానిని నఱికి చెట్టునకు గాలియు వెలుతురును కల్పింతురు. ఇట్లు చేయనిచో మరుయేడు కాపు చెడును. ఈ నఱికిన కొమ్మలే శిల్పికి దొరకు కఱ్ఱ. పండుచున్న చెట్టును బొమ్మలకొఱకు పడగొట్టుట పాపమనియే కాక నష్టమనియు అచటి రైతునకు తెలియును. ఒక్క మ్రాను కఱ్ఱ ధర దాని నూనె ధరకు ఏనాటికిని సరిపోదు. ఒక్కొక్కప్పుడు ఎండిన ముసలిమోడో, గాలికి కూలినదో లభించును. లావుపాటి చేవకఱ్ఱ అట్టి సమయములందే చేతికి వచ్చునుగాన దానిని పెద్దబొమ్మలకై దాచియుంతురు. కాబట్టి పెద్దశిల్పములు ఒకే దుంగనుండి వచ్చుట అరుదు, పలుముక్కలు అతికి చేయుటయే వాడుక. సన్నకొమ్మ జపమాల పూసలకు, చేతిలావు కొమ్మ చిన్నబొమ్మలకు, మొదలు పెద్దపనికి అని పంచుకొనుటచే ఆకులు తప్ప మఱేమియు వ్యర్థము కాదు.

పచ్చికఱ్ఱను వెంటనే చెక్కినచో బొమ్మ పూర్తియగునప్పటికి నెఱ్ఱెవిచ్చును. ఒలీవకఱ్ఱలో తేమయు నూనెయు మెండు. పైపొర త్వరగా ఆరి లోపలిపొర ఆరకున్న యెడల ఆ రెంటి పెనుగులాటయే చీలిక. అందుచే కొమ్మలను నఱికి, ఎండ తగులక గాలి తగులు చోట పేర్చి, మందమునుబట్టి నెలలపాటు, పెద్దదుంగలను ఏండ్లపాటు ఆరబెట్టుదురు. ఈ యోర్పును పాటింపనివాని బొమ్మ యాత్రికుని యింట బీరువాలో ఒక వేసవి గడువకుండగనే నడిమికి చీలి తన రహస్యమును చెప్పివేయును. ఆరిన కఱ్ఱ మిక్కిలి బరువు. ఘనపు మీటరునకు 900 నుండి 1000 కిలోగ్రాముల వఱకు తూగును, మన టేకు 650కి అటునిటుగా నుండును. మన కొండపల్లి పనివారు తేలికైన తెల్లపొణికిని ఎంచుకొని, మెత్తని ఆ కఱ్ఱను చెక్కి, ఱంపపుపొట్టును చింతగింజల పిండిని కలిపిన మక్కుతో అవయవములు అతికి, పైని రంగులతో ప్రాణము పోయుదురు. బేత్లెహేమువానికి రంగు పెట్టెయే లేదు. కఱ్ఱ యిచ్చినదే రంగు. పాలమీగడ వన్నె నేలపై తేనెరంగు, దానిపై కాఫీ చారలు, చారలలో అచటచట నలుపు సుడులు ఆ కఱ్ఱకు సహజముగా నుండును. శిల్పి పని వానిని మాటుపఱచుట కాదు, సరియైనచోట నిలుపుట.

ఇదే ఆ విద్యలో నాకు మిక్కిలి ప్రియమైన భాగము. ఆరిన ముక్కను చేతబట్టిన పెద్దపనివాడు దానిని వెంటనే ఱంపమునకు ఈయడు. నీటితో తడిపి, వెలుతురులో త్రిప్పి, చార ఏ వంక పోవుచున్నదో, ముడి యెక్కడ దాగియున్నదో చూచును. ఒలీవ పొర తిన్నగా పోవునది కాదు. మెలికలు తిరిగి, ఎదురెదురుగా అల్లుకొని యుండును. ఉలి పొరవెంబడి పోయినచో నునుపుగా లేచును. పొరకెదురుగా పోయినచో పెళ్లగించును. మరియమ్మ మేలిముసుగు మడతలు నల్లచార వెంట జాఱునట్లును, ఆమె మొగమునకు చారలేని లేతచెక్క వచ్చునట్లును ముక్కను నిలువుగానో అడ్డముగానో పెట్టుకొనుటలోనే సగము శిల్పము ముగిసియుండును. ముడి వచ్చి గడ్డమునందో చెంపయందో పడినచో ఆ ముక్కను మొగమునకు వాడరు. ఒంటె మూపునకో గొఱ్ఱె ఉన్నికో వాడుదురు. చీలిక చిన్నదైనచో ఆ కఱ్ఱ పొట్టునే జిగురుతో కలిపి పూడ్చుదురు. నునుపు చేసిన పిమ్మట ఆ చోటు కనిపెట్టుటకు మంచి కన్ను కావలెను.

తరువాత బ్యాండు ఱంపముతో బొమ్మ వెలుపలిగీతను కోసి, పిదప నమూనా యంత్రమునకు ఇత్తురు. ఆ యంత్రమున నడుమ పూర్తియైన బొమ్మయొకటి నిలిచియుండును. దానిపై ఒక మొద్దు ములికి తాకుచు తిరుగుచుండగా, దానితో జోడించి కట్టిన తిరుగుడు ఉలులు ప్రక్కనున్న ముక్కలను అదే ఆకృతికి కొఱికి తెచ్చును. ఒకే విడత అనేక బొమ్మలు మోటుగా తయారగును. ఈ యంత్రమువలన చేతిపని చచ్చినదని నిట్టూర్చువారితో నేను ఏకీభవింపను. గరుకుకఱ్ఱను మోటుగా తొలుచుటలో మనుష్యుని నైపుణ్యమునకంటె వాని నడుమునకు నొప్పియే ఎక్కువ. యంత్రము విడిచిన బొమ్మకు కన్నులుండవు, వ్రేళ్లుండవు, మడతలుండవు, అచటనుండియే ఉలిపని. వెడల్పు ఉలితో వస్త్రమును, గుండ్రని నోటి ఉలితో మడతల లోతును, సన్నని మొన ఉలితో జుట్టును తెచ్చి, ఆకురాయితో అంచులు దిద్ది, మోటు గరుకుకాగితమునుండి మిక్కిలి సన్నని కాగితమువఱకు వరుసగా రుద్ది, చివరకు ఒలీవనూనెయో మైనమో పూసి గుడ్డతో మెఱుగు పెట్టుదురు. మెఱుగు తగిలినపుడు అంతవఱకు మూగగానున్న చారలన్నియు ఒక్కమాఱు పైకి వచ్చును. ఆ పనిశాలల గాలిలో నిండియుండు సన్నని పొట్టు కన్నులకును ఊపిరికిని మంచిది కాదు. ఆ పొట్టు నడుమనే జీవితమెల్ల గడుపువారి శ్రమ బొమ్మ ధరలో ఎక్కడ కలదని అడుగవలసియే యున్నది.

పనిశాలలో అందఱును అన్నియు చేయరు. కోయువాడొకడు, మోటుపని చేయువాడొకడు, రుద్దువారు వేఱు. మొగములు చెక్కువాడు వీరందఱిలో అరుదు. గోరంత స్థలమున రెండు కనుఱెప్పలు, ముక్కుదూలము, ముడుచుకొనని పెదవులు తెచ్చుట యేండ్ల సాధనచే గాని లభింపదు, సాధన చేసినవారందఱికిని అబ్బదు. నిద్రించు శిశువును చూచు తల్లి చూపు క్రిందికి దిగవలెను. కన్ను తెఱచియు తెఱవనట్లుండవలెను. ఉలి వెండ్రుకవాసి ఎక్కువ దిగినచో ఆమె నిదురించినట్లగును, తక్కువైనచో యాత్రికుని వంక చూచినట్లగును. మంచి మొగము చెక్కువానికొఱకు ఒకటికి రెండు పనిశాలలు పోటీపడుట సహజము. మొగమే లేక, వంగిన మెడ, చుట్టిన వస్త్రము, చేతుల వంపు మాత్రమే చూపు నునుపు బొమ్మలు ఈ మధ్యకాలమున ఎక్కువైనవి. అవి చౌకకొఱకు పుట్టినవే యైనను, వానిలో కొన్నింట కఱ్ఱ చారయే హావభావములు పలుకుట చూచి, అట్టివానిని తక్కువజాతివని త్రోసివేయుటకు నా మనసొప్పదు. తిండిబల్ల చుట్టును పదుముగ్గురను ఒకే పలకపై ఇఱికించిన కడపటి విందు బొమ్మలయందే నాకు తృప్తి తక్కువ. అందు కఱ్ఱకు మాటలాడు చోటే మిగులదు.

జపమాల పూస చూచుటకు చిన్నది, చేయుటకు క్రమమైనది. సన్నకొమ్మలను చదరపు కోలలుగా కోసి, తరిమెనపై పట్టి గుండ్రన చేసి, బెజ్జము వేసి, త్రాడునకు ఎక్కింతురు. విద్యుత్తు రాకమునుపు పనివాడు నేలపై కూర్చుండి, ఒక చేత విల్లు నూగించుచు తరిమెనను త్రిప్పి, మఱియొక చేతను, కాలివ్రేళ్ల ఊతను ఉలి పట్టి పూసలు తీసెడివాడు. కాయ తినగా మిగిలిన గింజలతో గూడ పూసలు చేసిరి. కతోలికుల జపమాలకు 59 పూసలు; ముసల్మానుల తస్బీకి 99గాని 33గాని. ఒకే కొమ్మనుండి వచ్చిన పూసలు రెండు మాలలకును పోవుచున్నవి.

బేత్లెహేము పనివారి ప్రతిభకు శిఖరము పదునేడు, పదునెనిమిదవ శతాబ్దములలో వారు చేసిన పవిత్రసమాధి దేవాలయపు నమూనాలు. ఫ్రాన్సిస్కను సన్న్యాసి బెర్నార్దినో అమీకో పదునాఱవ శతాబ్దాంతమున పవిత్రభూమియందుండి, అచటి దేవాలయములను కొలతలతో చిత్రించి ఒక గ్రంథము వెలువరించెను. 1620లో ఫ్లోరెన్సునందు దాని రెండవకూర్పు జాక్ కలో చెక్కిన చిత్రములతో వచ్చినది. ఆ కొలతలను మాతృకగా పెట్టుకొని బేత్లెహేమువారు ఒలీవకఱ్ఱతో యెరూషలేములోని ఆ మహాలయమును బల్లపై పట్టునంత పరిమాణమున నిర్మించి, ముత్యపుచిప్ప పలుకులతోను ఎముకతోను పొదిగిరి. ఇవి కేవలము చూచుటకు కాదు. గోపురము తీయవచ్చును, పైకప్పు ఎత్తవచ్చును, లోపలి మందిరములను ఒక్కొక్కటిగా వెలికితీసి చూపవచ్చును. సముద్రము దాటి యాత్ర చేయలేని ఐరోపా ప్రభువునకును మఠవాసికిని ఆ నమూనాయే యాత్ర. లండనులోని బ్రిటిషు మ్యూజియమునందు అట్టిదానిని నేటికిని చూడవచ్చును. కఠినమైన ఒలీవను కాగితపు మందమున కోసి, అందు చిప్పముక్కలు వెండ్రుక దూఱని కూర్పుతో అమర్చిన ఆ పనివారి పేర్లు చాలవఱకు మనకు దక్కలేదు.

పందొమ్మిదవ శతాబ్దమున పొగయోడలు యాత్రికులను వేలకొలదిగా తెచ్చినవి. బేత్లెహేము వర్తకులు తామే సరుకు కట్టుకొని 1893లో చికాగో మహాప్రదర్శనమువఱకు పోయిరి, చిలీ, హోండురాసు మొదలగు దేశములలో స్థిరపడిరి. ఊరి సంపద యాత్రికుని రాకపై ఆనినప్పటినుండి, రాక ఆగినపుడెల్ల ఉలి ఆగుచున్నది. 2002లో జన్మస్థల దేవాలయమే 39 దినములు ముట్టడిలో చిక్కినది. 2020 మార్చిలో మహమ్మారి, 2023 అక్టోబరు తరువాత యుద్ధము వీథులను ఖాళీచేసినవి. ఆ యేడు క్రిస్మసునాడు ఊరి కూడలిలో క్రిస్మసు చెట్టునే నిలుపలేదు. బేత్లెహేము గల యోర్దాను పశ్చిమతీరమున ఒలీవతోటలు పెఱికివేయబడుటయు, కోతకాలమున రైతులు తమ తోటలకే పోలేకపోవుటయు పెక్కేండ్లుగా జరుగుచున్నవి. ముట్టడిలోనైనను ఫలవృక్షము నఱకరాదన్న శాసనము పుట్టిన నేలపైననే ఇది జరుగుచున్నదనుట హృదయమును కలచివేయును. చెట్టు లేనిచో కొమ్మ లేదు, కొమ్మ లేనిచో పని లేదు. మొగములు చెక్కు పెద్దలు ముసలివారగుచుండగా పిల్లలు వేఱు బ్రదుకుతెరువులు వెదకికొని సముద్రము దాటుచున్నారు. బెయిత్ సాహూరులో పనివారు సహకారసంఘముగా ఏర్పడి, దళారుల చేతులలో పోవు ధరను తామే నిలుపుకొను ప్రయత్నము చేయుచుండుట మాత్రము మెచ్చదగినది.

ఆంధ్ర, తెలంగాణములనుండి యెరూషలేము యాత్రకు పోవు క్రైస్తవకుటుంబములు నేడు తక్కువ కావు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అట్టి యాత్రికులకు ధనసహాయమును గూడ చేసినది. తిరిగివచ్చువారి సంచులలో ఒలీవ సిలువయో, పశువుల పాకయో, జపమాలయో ఉండక పోదు. కాని ఆ దుకాణములలో వేఱు కఱ్ఱకు రంగు పూసిన సరుకును ఒలీవ పేరిట అమ్ముట కలదు. కొనునపుడు అరచేత పెట్టుకొని తూచి చూడవలెను, ఒలీవ పరిమాణమునకు మించిన బరువుండును. చారలు రెండు బొమ్మలలో ఒకే తీరుగా నున్నచో అవి రంగుతో గీచినవి. అడుగుభాగమును గోటితో గీరి మూచూచినచో తీయని నూనెవాసన వచ్చును. అన్నింటికిని మించి మొగమును చూడవలెను. వీలైనచో దుకాణమున కాక వెనుకనున్న పనిశాలలోనికి పోయి, కఱ్ఱ ఏ తోటనుండి వచ్చినదో, ఎంతకాలము ఆరినదో, మొగము చెక్కినవారెవరో అడుగుట మేలు; అచటి పనివారు అట్టి ప్రశ్నలకు విసుగుకొనరు, ముక్కను తడిపి చార చూపించి మఱీ చెప్పుదురు.